నాలుగో పిన్నీసు

నేను ఒక పిన్నీసును. ఇంగ్లీషువాళ్ళు నా పేరుకు ముందు సేఫ్టీ అని ఒక మాట తగిలించారు. ఎవరి సేఫ్టీయో ఇంతవరకు నాకు అర్థం కాలేదు. మనుషులకు ఏదో ఒకటి ఊడిపోతున్నప్పుడు మాత్రమే నేను గుర్తొస్తాను. చీర కుచ్చిళ్ళు జారితే, చొక్కా గుండీ తెగితే ఇల్లంతా నా కోసం తిరగేస్తారు. పని అయిపోయాక నన్నెక్కడ పడేశారో వాళ్ళకే తెలియదు. ఎవరి కాలికైనా గుచ్చుకుంటే తిట్లు మాత్రం నాకు. అందుకే మనుషులంటే నాకు పెద్ద గౌరవం లేదు. నా మాటలు చదివి పొగరుబోతు అనుకుంటే అనుకోండి, నాకొచ్చే నష్టమేమీ లేదు.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి గొప్పలేమీ లేవు. ఏదో ఊరి ఫ్యాక్టరీలో ఉక్కు తీగను ముక్కలు కోసి, మధ్యలో ఒక చుట్టు చుట్టి, ఒక కొసను సానబెట్టి, రెండో కొసకు రేకు టోపీ తొడిగారు. మొత్తానికి మూడు సెకన్లు పట్టి ఉంటుంది. పన్నెండు మందిని కలిపి ఒక గుత్తి చేశారు. విశాఖపట్నంలో పూర్ణామార్కెట్ దగ్గర ఒక ఫ్యాన్సీ షాపులో, బొట్టుబిళ్ళలకీ తలపిన్నులకీ మధ్య ఏడాది పైగా వేలాడాను.

నన్ను కొన్నావిడ పేరు కోరాడ పైడమ్మ. మమ్మల్ని గుత్తిగా ఎడమచేతి గాజుకు తగిలించుకుంది. ఆవిడ దగ్గర నేను చెయ్యని పని లేదు. లంగాకు బొందు ఎక్కించాను, మనవరాలి కాల్లో ముల్లు తీశాను, ఎల్‌కేజీలో ఆ పిల్ల గుండెల మీద చేతిరుమాలు పట్టుకుని నిలబడ్డాను. చెవిలో దురద పుడితే కూడా ఆవిడ చెయ్యి నా మీదికే వచ్చేది. అవమానమే, కానీ పని తరవాత తుడిచి మళ్ళీ గాజుకు తగిలించేది. ఆ ఇంట్లో ఆ మాత్రం పద్ధతి ఉన్న మనిషి ఆవిడొక్కతే.

ఆవిడ కొడుకు త్రినాథ్‌కి నలభై రెండేళ్ళు. ఓడల సరుకు చూసే ఒక ఆఫీసులో ఉద్యోగం. భార్య హైమ ఆసుపత్రిలో నర్సు. కూతురు చైత్ర అయిదో తరగతి. విశాలాక్షినగర్‌లో అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. రెండేళ్ళ కిందట ఎవరో డాక్టరు త్రినాథ్‌ని కాస్త నడవమన్నాడు. కాస్త అనే మాట ఈ మనిషికి ఎక్కదు. నెల తిరక్కుండా నడక పరుగైంది, ఆర్నెల్లకు పరుగుకు తోడు సైకిలొచ్చింది. ఆ సైకిలు చూపుడువేలితో ఎత్తేంత తేలిక. దాన్ని ఇంకో నూటయాభై గ్రాములు తగ్గించడానికి మూడు వారాలు ఫోన్‌లో వెతికాడు. ఆయన పొట్ట మీద అంతకు పదింతలు ఉంది, దాని జోలికి మాత్రం పోలేదు.

నేను ఆయన చేతికి చిక్కింది పందేల మూలాన. పరుగు పందెం పెట్టేవాళ్ళు గుండెకు కట్టుకునే నంబరు కాగితం ఇస్తారు, దానితో నాలుగు పిన్నీసులు ఇస్తారు. ప్రతిసారీ ఆయన ఒకటి పోగొట్టేవాడు. పందెం రోజు తెల్లవారుజామున తల్లి దగ్గరికి వచ్చేవాడు.

"అమ్మా, పిన్నీసొకటి ఇయ్యే."

"ఆళ్ళిచ్చిందేటి సేసావురా?"

"ఎక్కడో పడిపోయింది."

"ఆళ్ళిచ్చిన మెడల్ మాత్రం ఎప్పుడూ పడిపోదేం" అంటూ ఆవిడ నన్ను గాజు నుంచి విప్పి ఇచ్చేది. అలా నేను నాలుగో పిన్నీసునయ్యాను. పందెమయ్యాక మళ్ళీ ఆవిడ గాజుకే చేరేదాన్ని.

ఆయన గుండెల మీద కూర్చుని బీచ్‌రోడ్డు పొడుగునా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. నా పక్కనే గుండె దబదబా కొట్టుకుంటూ ఉంటుంది. అది ఎంత కొట్టుకుంటోందో తెలుసుకోవడానికి ఆయన చేతి గడియారం చూసుకుంటాడు. దాహమేస్తోందో లేదో, రాత్రి నిద్ర పట్టిందో లేదో కూడా దాన్నే అడుగుతాడు. సముద్రం పక్కనే ఉంటుంది. ఆయన దాని వైపు తిరగగా నేను చూసింది ఒక్కసారే, అదీ ఫోటో కోసం.

ఈ పరుగులవాళ్ళ జాతిలో ఒక ఆచారముంది. దూరం సున్నాలతో పూర్తి కావాలి. పది కిలోమీటర్లు అనుకుంటే గడియారంలో పది పడాలి. ఇంటి గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదీ చిల్లర చూపిస్తే ఆ మనిషికి అన్నం సయించదు. ఒకరోజు నూట ముప్ఫై మీటర్లు తక్కువైతే మా అపార్ట్‌మెంటు పార్కింగులో కార్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. వాచ్‌మన్ చీపురు పక్కనపెట్టి వచ్చాడు.

"ఏటి సార్, ఏటైనా పడిపోనాదా?"

"నూట ముప్ఫై మీటర్లు" అన్నాడు త్రినాథ్ ఆగకుండా.

వాచ్‌మన్ పాపం మంచివాడు. నేల మీద చూపు పెట్టి, ఈయన వెనకే తానూ రెండు చుట్లు వెతికాడు.

ఇక తండ్రితనం. మంగళవారం వేగం పరుగు, గురువారం గుట్ట ఎక్కుడు, శనివారం సైకిలు, ఆదివారం దూరం పరుగు. మధ్యలో మిగిలిన రోజుల్ని విశ్రాంతి రోజులు అంటారు. కూతురికి కేటాయించినవి అవే. ఆ రోజుల్లో ఆయన ఒళ్ళు నొప్పులని చాప మీద బోర్లా పడుకునేవాడు. చైత్ర గోడ పట్టుకుని ఆయన పిక్కల మీదికెక్కి తొక్కేది. తండ్రీకూతుళ్ళు మాట్లాడుకునేది ఆ కాసేపే. తండ్రి మొహం చాపలో ఉండేది, కూతురు గోడతో మాట్లాడుతున్నట్టుండేది.

ఒకరోజు అలా తొక్కుతూనే అడిగింది. పైడమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది, నేను ఆవిడ గాజుకు ఉన్నాను.

"నాన్నా, శనివారం మా స్పోర్ట్స్ డే. రెండొందల మీటర్లలో పేరిచ్చాను."

"గుడ్. ఎంతమంది?"

"ఎనిమిది మంది. మలుపు దగ్గర నాకు ఊపిరాడదు నాన్నా. నువ్వు అక్కడ నిలబడితే వచ్చేస్తాను."

"నిలబడతాలే."

"మలుపు దగ్గరే. గోడ వైపు."

"అలాగేనమ్మా, ఇంకొంచెం కింద తొక్కు."

హైమ వంటింట్లోంచి వచ్చి, "నాకా రోజు డ్యూటీ మారదు. ఎవరూ రాకపోతే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. నువ్వు తప్పకుండా వెళ్ళాలి" అంది. పైడమ్మకు మోకాళ్ళ నొప్పి, మెట్లు దిగలేదు. అంటే ఆ పిల్ల కోసం రాగలిగింది ఈయనొక్కడే.

నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్తాను. చైత్రకు పరుగంటే ఇష్టం లేదు. సాయంత్రాలు పార్కింగులో ఒక్కతే పరిగెత్తి, ఆయాసపడుతూ మెట్ల మీద కూర్చునేది. బొమ్మలు గీయడమంటే ఆ పిల్లకు ప్రాణం. కానీ బొమ్మ చూపిస్తే వాళ్ళ నాన్న ఒక్క చూపు చూసి బావుందంటాడు. పరుగు మాటెత్తితే మాత్రం తలెత్తి చూస్తాడు. అందుకని పరుగులో పేరిచ్చింది.

శనివారం పొద్దున త్రినాథ్ అయిదింటికే సైకిలు తీశాడు. భీమిలి వెళ్ళి తిరిగి నేరుగా స్కూలుకే వచ్చేస్తానన్నాడు. పైడమ్మ మనవరాలి టీషర్టుకు నంబరు కాగితం పెట్టింది. ముప్ఫై ఎనిమిది. మూడు మూలలకు నా గుత్తిలోవాళ్ళను పెట్టి, ఎడమవైపు పై మూలకు నన్ను పెట్టింది. గుచ్చుకోకుండా తన వేలు అడ్డం పెట్టి మరీ పెట్టింది.

గ్రౌండులో సున్నంతో గీతలు గీశారు. మలుపు దగ్గర ప్రహరీగోడ, గోడ మీద ఇనుప చువ్వలు, అవతల రోడ్డు. అక్కడ ఒక మంచినీళ్ళ డ్రమ్ము తప్ప ఎవరూ లేరు. చైత్ర గేటు వైపు చూసింది. మైకులో అయిదో తరగతి ఆడపిల్లల్ని పిలిచారు. మళ్ళీ గేటు వైపు చూసింది. గీత మీద నిలబడ్డాక కూడా చూసింది. ఆ చిన్న గుండె నా కిందే కొట్టుకుంటోంది. దాన్ని లెక్కపెట్టే గడియారమేదీ ఆ పిల్ల చేతికి లేదు.

ఈల వేశారు. నేను వెక్కిరించడానికి సిద్ధంగానే ఉన్నాను గానీ, నిజం చెప్పాలి, బాగా పరిగెత్తింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి మూడోది. ఊపిరి ఎగబీలుస్తూ తలెత్తి గోడ వైపు చూసింది. చువ్వల అవతల పసుపు హెల్మెట్ కనిపించింది. వాళ్ళ నాన్నే. తల వంచుకుని, సైకిలు హ్యాండిలు మీది చిన్న తెర చూసుకుంటూ వెళ్తున్నాడు.

చైత్ర ఆగింది. పడిపోలేదు, కాలు బెణకలేదు. మలుపు దగ్గర గీత మీద నిలబడిపోయింది. పక్కనుంచి ఒక్కొక్కరే దాటి వెళ్ళిపోయారు.

పీఈటీ మాస్టారు అటు పక్కనుంచి అరిచాడు. "ముప్ఫై ఎనిమిదీ, ఆగిపోయావేటమ్మా? పరిగెత్తు."

"మా నాన్నొస్తున్నారు సార్" అంది. ఆ మాట ఆయనకు వినిపించి ఉండదు, నాకు వినిపించింది.

పసుపు హెల్మెట్ గేటు దాకా వెళ్ళింది. గేటు దాటి ముందుకు వెళ్ళిపోయింది. కాసేపటికి ప్రహరీ చుట్టూ తిరిగి మళ్ళీ చువ్వల వెనక కనిపించి, మళ్ళీ వెళ్ళిపోయింది. అప్పటికి అందరూ చివరి గీత దాటేశారు. చైత్ర మిగతా దూరం నడిచి వెళ్ళింది.

ఆయన లోపలికి వచ్చేసరికి అయిదో తరగతి మగపిల్లల్ని పిలుస్తున్నారు. అడుగున ఇనుప ముక్క ఉన్న సైకిలు బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"అప్పుడే అయిపోయిందా? మీ స్కూల్లో టైముకి మొదలవడమేంటి. ప్లేస్ ఎంత?"

"ఎనిమిది."

"ఎనిమిదిలో ఎనిమిదా? పర్లేదు, మొదటిసారి కదా."

కూతురి భుజం మీద చెయ్యేసి ఫోటో తీసుకున్నాడు. నేను, నా నంబరు, ఆ పిల్ల మొహం, అన్నీ పడ్డాయి. దానికింద స్పోర్ట్స్ డే డాడీ అని రాసి అప్పుడే అందరికీ పంపాడు. పక్కనున్న ఒకాయన సైకిలు గురించి అడిగితే ఉత్సాహంగా చెప్పాడు. "సరిగ్గా యాభై అండి. గేటు దగ్గరికొచ్చేసరికి నలభై తొమ్మిది మూడొందలే చూపించింది. ఇంత దూరం తొక్కి ఏడొందల మీటర్లకి వదిలేస్తామా? ఇక్కడే రెండు రౌండ్లు కొట్టి లోపలికొచ్చాను."

ఆయన యాభై అని చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది. పొడవడానికి నాకున్న మొన ఆ పిల్ల చొక్కాలో ఇరుక్కుని ఉంది. చైత్ర పక్కనే నిలబడి అంతా విన్నది. సున్నం అంటిన బూటును రెండో బూటుతో తుడుచుకుంటూ ఉంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక త్రినాథ్ చాప మీద బోర్లా పడుకున్నాడు. అలవాటుగా పిలిచాడు. చైత్ర టీషర్టు కూడా మార్చుకోలేదు. అలవాటుగానే వచ్చి ఆయన పిక్కల మీదికెక్కింది. ఆయన పాఠం మొదలుపెట్టాడు.

"మొదట్లోనే ఊపిరంతా వాడేసుంటావు. అందరూ చేసే తప్పే. మలుపు దాకా దాచుకోవాలి, అక్కడ్నుంచి వదలాలి. ఓడిపోయానని బాధపడకు. రేపట్నుంచి నేను నేర్పిస్తాను. ఓడినప్పుడే మనకి..."

"నేను ఓడిపోలేదు నాన్నా."

"మరి?"

"ఆగాను."

చైత్ర తొక్కుతూనే ఉంది.

"మలుపు దగ్గర. నువ్వు గోడ వెనకాల కనిపించావు. లోపలికొస్తున్నావనుకున్నా. నిలబడతానన్నావు కదా, నువ్వొచ్చేదాకా ఉందామని ఆగాను." ఇంకో పిక్క తొక్కుతూ మళ్ళీ అంది. "రెండుసార్లు కనిపించావు."

ఆ గొంతులో కోపం లేదు. స్కూల్లో ఆ రోజేం జరిగిందో ఇంట్లో చెప్తున్నట్టే చెప్పింది. తరవాత దిగి, నా టోపీ నొక్కి నన్ను విప్పింది. మిగతా ముగ్గుర్నీ విప్పి, మమ్మల్నీ నంబరు కాగితాన్నీ చాప మీద పెట్టి, బొమ్మల పుస్తకం తీసుకుని నానమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

త్రినాథ్ లేచి కూర్చున్నాడు. నంబరు కాగితం ఒళ్ళో పెట్టుకుని నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలియదు. వంటింట్లోంచి పైడమ్మ కాఫీ తాగుతావా అని రెండుసార్లు అడిగింది. గంటసేపు కదలకపోతే ఆ గడియారం చేతి మీద వణుకుతుంది, లేచి నాలుగడుగులు వెయ్యమని. వణికింది. ఆయన లేవలేదు. ఇంకాసేపటికి మళ్ళీ వణికింది. ఇన్నాళ్ళూ అది చెప్పినట్టల్లా ఆడిన మనిషి దాని వైపు కూడా చూడలేదు.

నాకు అప్పుడు నవ్వు రావాలి. రెండేళ్ళుగా ఈ మనిషిని చూసి నవ్వుకుంటున్నదాన్ని. రాలేదు.

ఆయన నన్ను మూయబోయాడు. చూపు కాగితం మీదే ఉండి నా మొన టోపీలోకి వెళ్ళకుండా ఆయన బొటనవేల్లో దిగింది. చిన్న రక్తపు చుక్క వచ్చింది. ఆయన వేలు వెనక్కి తీసుకోలేదు, అలాగే ఉంచాడు. చాలామందిని పొడిచాను, ఎప్పుడూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఇది మాత్రం నేను కావాలని గుచ్చలేదు.