నెస్టా క్లఫ్ ముఖం

ఆ ఉదయం రిహార్సల్ గదిలో నెస్టా క్లఫ్ టీ తాగబోతే సగం టీ గౌను మీద ఒలికింది.

"ఈ కప్పుకి చిల్లుందేమో చూడు ఐడా," అని నవ్వింది. ఆ నవ్వు ముఖంలో కుడివైపే వచ్చింది. ఎడమవైపు పెదవి కదల్లేదు. ఎడమ కంటి రెప్ప వాలలేదు. నేను నా చేతి అద్దం తీసి ఆమెకిచ్చాను. చాలాసేపు చూసుకుంది. చివరికి అద్దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, "డాక్టర్ని పిలవండి," అంది.

అది పంతొమ్మిది వందల యాభై ఒకటో సంవత్సరం, ఫిబ్రవరి. లండన్‌లో నాటకశాలలన్నీ ఉండే వెస్ట్ ఎండ్‌లో మా నాటకం నిండు హాళ్ళతో ఆడుతోంది. అందులో ఓడ కెప్టెన్ భార్య ఒకావిడ, భర్త పోయాక నడివయసులో మళ్ళీ ప్రేమలో పడుతుంది. ఆ వేషం నెస్టాది. ఏ రోజైనా ఆమె రాలేకపోతే ఆ వేషం కట్టడానికి సిద్ధంగా ఉండటం నా ఉద్యోగం. అయితే నెస్టా జ్వరంతోనూ వచ్చేది, మడమ బెణికినా వచ్చేది. నేను తెర పక్కన కూర్చుని స్వెట్టర్లు అల్లుకునేదాన్ని.

ఆమెది ఉత్తర ఇంగ్లండ్‌లో, లాంకషైర్‌లోని బర్న్‌లీ. తల్లి హానా నూలు మిల్లులో మగ్గం నడిపేది. నెస్టా పదహారేళ్ళకే ఊరూరా తిరిగే నాటక బృందంలో చేరింది. లండన్ వచ్చిన కొత్తలో ఒక దర్శకుడు, "ఆ మిల్లు యాస వదిలించుకో, లేకపోతే పనిమనిషి వేషాలే గతి," అన్నాడట. "స్టేజీ మీద మీ భాష మాట్లాడతాను, అది నా పని. కిందికి దిగాక నా నోరు నాది," అని జవాబిచ్చిందట. అన్నట్టే చేసింది. స్టేజీ మీద రాణిలా మాట్లాడి, తెర పడగానే బర్న్‌లీ యాసలో అందర్నీ తిట్టిపోసేది. యుద్ధకాలంలో సినిమాల్లో హీరోయిన్ అయింది. సిపాయిలు ఆమె ఫొటోలు పెట్టె మూతలకి అంటించుకునేవారు. అలాంటి ముఖం అది.

డాక్టరు నరం చచ్చుబడిందన్నాడు. కొందరికి కొన్ని వారాల్లో తగ్గుతుందనీ, కొందరికి అసలు తగ్గదనీ చెప్పాడు. నెస్టా బర్న్‌లీలో తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. వేషం నాకొచ్చింది. సినిమా కంపెనీవాళ్ళు మాత్రం ఎదురుచూడలేదు. వేసవిలో మొదలవ్వాల్సిన సినిమాకి ఇంకొకర్ని పెట్టుకున్నారు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆమెను చూడటానికి బర్న్‌లీ వెళ్ళాను. వంటింట్లో తల్లీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకుంటున్నారు. మగ్గాల మోతకి హానాకి చెవులు పోయి చాలా ఏళ్ళయింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసే మాట పట్టుకుంటుంది.

"మళ్ళీ చెప్పు," అంది హానా.

నెస్టా చెప్పింది. ప, బ, మ పలకాలంటే రెండు పెదవులూ కలవాలి. ఆమెకి సగమే కలుస్తున్నాయి, మిగతా సగంలోంచి గాలి పోతోంది.

"ఏం కూశావే? మంచం అన్నావా, కంచం అన్నావా?"

"మంచమే అమ్మా!"

"నాకలా కనబళ్ళేదు. నోరు తిప్పవే, బద్ధకంగా వేలాడేసుక్కూచోక! ఆ మంచి సగం ఉన్నది దేనికి? దాంతో లాగు రెండోదాన్ని!"

"లాగుతూనే ఉన్నానే ముసలీ, కళ్ళు కూడా పోయాయా నీకు?"

"కళ్ళు బానే ఉన్నాయి, ఏడుపుమొహం బానే కనిపిస్తోంది." హానా నా వైపు తిరిగింది. "కూర్చోమ్మా, మాంసం కూరి కాల్చిన రొట్టె ఉంది, తిను. ఇది లండన్‌లో కూడా ఇంతేనా? మాట పడదా?"

నెస్టా పడీ పడీ నవ్వింది. ముఖం బాగుపడలేదు. కానీ వేలితో పెదవి చివర ఎగదోసుకుని మాటలన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటోంది. నన్ను రైలెక్కించడానికి వచ్చినప్పుడు, "వచ్చే నెల వస్తున్నానని పార్గెటర్‌కి చెప్పు," అంది. పార్గెటర్ మా నాటక నిర్మాత.

నేను చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆమె నిజంగానే వచ్చి ఎదురుగా నిలబడేసరికి కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"నెస్టా, నీ మంచికోరే చెబుతున్నాను. జనం తమ బాధలు మరిచిపోవడానికి వస్తారు. ఇలాంటివి చూడటానికి కాదు."

"ఇలాంటివంటే ఏవండీ? నోటితో చెప్పండి."

ఆయన బల్ల మీది కాగితాలు సర్దసాగాడు.

"మీతో చేసుకున్న కాంట్రాక్టులో నా పేరుంది. ముఖం ఎలా ఉండాలో ఎక్కడా రాయలేదు. నా వేషం మొగుడు పోయినదాని వేషం, గులాబీ మొగ్గది కాదు."

పార్గెటర్ నా వైపు చూశాడు. "ఐడా బాగా చేస్తోంది కదా. జనానికీ నచ్చింది. ఏమంటావు ఐడా?"

ఆ వేషం నాకెంత ఇష్టమో దేవుడికే తెలుసు. రోజూ చప్పట్లు విని మళ్ళీ వెళ్ళి స్వెట్టరు అల్లుకోవడం ఎవరికి ఇష్టం? కానీ బర్న్‌లీ వంటింట్లో నేను చూసింది చూశాను.

"నాకిష్టమేనండీ. కానీ వేషం ఆవిడది. ఆవిడ వచ్చింది. నేను కట్టను."

ఆయన గొణుక్కున్నాడు, చేతులు విసిరాడు, చివరికి ఒక్క వారం చూద్దామన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఆట. హాలు నిండింది. సగంమంది నాటకం కోసం, సగంమంది ఆ ముఖం కోసం వచ్చారని అందరికీ తెలుసు. మొదటి అంకం బాగానే గడిచింది. రెండో అంకంలో ఆ విధవరాలు, తనను ప్రేమించినవాడితో, "నా ముఖం చూసి చెప్పు, నేను ముసలిదాన్నయిపోయానా?" అని అడగాలి.

నెస్టా అడిగింది.

"ఏ వైపు చూడమంటావ్ తల్లీ?" పై గ్యాలరీలోంచి ఒకడు అరిచాడు.

కొందరు గట్టిగానే నవ్వారు. ఎదురుగా ఉన్న నటుడు లయాల్ పాపం బిగుసుకుపోయాడు. నెస్టా మాత్రం కదలకుండా ఆ నవ్వు తనంతట తాను ఆగేదాకా నిలబడింది. తర్వాత నెమ్మదిగా స్టేజీ అంచుకి నడిచింది. చచ్చుబడిన ఎడమవైపు మొత్తం గ్యాలరీకి కనిపించేలా తల తిప్పింది. గొంతు పెంచకుండా, ప్రతి అక్షరం వెనక వరసదాకా చేరేలా, అదే మాట మళ్ళీ అడిగింది.

"నా ముఖం చూసి చెప్పు. నేను ముసలిదాన్నయిపోయానా?"

లయాల్ తన వంతు మాట మరిచిపోయి ఉంటాడనుకున్నాను. "లేదు," అన్నాడు. రాసింది అంతే. కానీ అంతకుముందెప్పుడూ ఆ మాట అతను అలా అనలేదు.

విరామంలో కొందరు లేచి వెళ్ళిపోయారు. ఒక పత్రికలో చాలా నీచంగా రాశారు. నెస్టా దాన్ని చదివి, "వీడికి వాక్యం కట్టడం రాదు," అని పక్కన పడేసింది. నాటకం శరత్కాలందాకా ఆడింది.

మూడేళ్ళకి సినిమావాళ్ళు మళ్ళీ పిలిచారు. హెడ్‌మిస్ట్రెస్ వేషం. దర్శకుడు డెస్మండ్ వైజ్ మర్యాదస్తుడే కానీ, కెమెరాని ఎప్పుడూ ఆమె ముఖానికి కుడివైపే పెట్టించేవాడు. నేను అందులో సంగీతం టీచర్ని, పక్కనే ఉండి అంతా చూశాను. "యాక్షన్" అనగానే నెస్టా తల ఎడమవైపు కనిపించేలా తిరిగేది.

"కట్! మిస్ క్లఫ్, దయచేసి కుడివైపు."

"అయ్యో, తిరిగానా? క్షమించండి."

మళ్ళీ టేకు. మళ్ళీ తిరిగేది. ఒకరోజు సాయంత్రం వెలుతురు పోతుంటే వైజ్‌కి ఓపిక నశించింది.

"మేడమ్, తెర మీద మీ ముఖం ఇంటి గోడంత ఉంటుంది, తెలుసా?"

"మంచిదేగా, చవక టిక్కెట్టువాళ్ళకి కూడా బాగా కనిపిస్తుంది."

లైట్లు పట్టుకున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. వైజ్ టోపీ తీసి నేలకేసి కొట్టి, కెమెరాని ముందుకి తెమ్మన్నాడు. ఆ రోజు నుంచీ ఆమె ఎటు తిరిగితే అటే తీశారు.

సినిమా విడుదలకి ముందురోజు మేమిద్దరం లీస్టర్ స్క్వేర్ మీదుగా భోజనానికి వెళ్తున్నాం. సినిమా హాలు గుమ్మం పైన మా సినిమా పెద్ద పోస్టరు. అందులో నెస్టా చక్కగా, రెండువైపులా సమానంగా నవ్వుతోంది. కంపెనీవాళ్ళు బొమ్మలో ముఖం సరిచేశారు.

నెస్టా దాన్నే చూస్తూ నిలబడింది. "ఎవరిది ఈ ముఖం?"

"పోనీలే, పద," అన్నాను.

"నాది మాత్రం కాదు." సంచీలోంచి మేకప్ పెన్సిలు తీసింది. పక్క దుకాణంలో అద్దాలు తుడుస్తున్న మనిషిని నిచ్చెన అడిగింది. అతను ఆమెను గుర్తుపట్టి, ఎందుకని అడగకుండానే తెచ్చి వేశాడు. "పట్టుకో ఐడా. గట్టిగా పట్టుకో, లావుగా ఉన్నానని మళ్ళీ చెప్పకు."

పట్టపగలు, మంచి గౌనూ టోపీతో, ఆమె నిచ్చెనెక్కి పోస్టరు మీద ఎడమ పెదవి చివర కిందికి దించి గీసింది. జనం పోగయ్యారు. పోలీసు వచ్చాడు.

"అమ్మా, దిగండి. పరుల ఆస్తి పాడుచేస్తున్నారు."

"కాగితం వాళ్ళది నాయనా. ముఖం నాది. ఇదిగో, పోల్చి చూసుకో," అని అతని వైపు తిరిగింది.

అతను ఆమెనీ పోస్టరునీ మార్చి మార్చి చూశాడు. గడ్డం గోక్కున్నాడు. "కంటికి కూడా తేడా ఉందండీ," అన్నాడు.

"అక్కడికే వస్తున్నా, కాస్త ఆగు."

హాలు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు కానీ, జనం చప్పట్లు విని తగ్గాడు. పోస్టరు చూడ్డానికి వచ్చినవాళ్ళు టిక్కెట్లు కూడా కొన్నారు గనక సినిమా ఆడినన్నాళ్ళూ దాన్ని అలాగే ఉంచాడు. కంపెనీవాళ్ళకి మాత్రం కోపం చల్లారలేదు. మిగతా ఊళ్ళలో పాత పోస్టరే పెట్టారు, మళ్ళీ ఆమెను పిలవలేదు.

ఆమె వాళ్ళని అడగనూ లేదు. మేమిద్దరం లాంకషైర్‌లో సొంత నాటక బృందం పెట్టాం. మిల్లు ఊళ్ళన్నీ తిరిగాం, చర్చి హాళ్ళలో, మూతబడ్డ సినిమా హాళ్ళలో ఆడాం. రాణి, హంతకురాలు, మంత్రగత్తె, అన్ని వేషాలూ ఆమే ఎంచుకునేది. ఆమెకి యాభై దాటాక, ఆక్రింగ్టన్ అనే ఊళ్ళో ఒక నాటకానికి పెళ్ళికూతురు కావాల్సొచ్చింది. బృందంలో వయసులో ఉన్న అమ్మాయిలు ఇద్దరున్నారు. నెస్టా తెల్ల గౌను తీసి తన ఒంటికి పెట్టి చూసుకుంటూ, "ఎవరికైనా అభ్యంతరమా?" అంది.

ఎవరికీ లేదు.