తోడు తినే మనిషి

మా అక్క చూయ్ లిన్‌కీ కియోంగ్ బావకీ పెళ్లి కుదిరిందే తిండి దగ్గర. మా ఊరు ఇపోలో, పాత బజారులోని ఆవిరి కుడుముల దుకాణంలో రెండు కుటుంబాలూ కూర్చుని, పుట్టిన సంవత్సరాలు కలిశాయా లేదా అని పెద్దవాళ్లు తర్కించుకుంటుంటే, వీళ్లిద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. బుట్టలో చివరి రొయ్యల కుడుము మిగిలితే బావ దాన్ని తినే పుల్లలతో రెండుగా తుంచి, పెద్ద ముక్క అక్క గిన్నెలో వేశాడు. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే, "తినే మనిషే, ఫర్వాలేదు" అంది అక్క.

ఇరవై రెండేళ్లు అలాగే గడిచాయి. బావ కారు నడపడం నేర్పేవాడు. అక్క ఇంట్లోనే బడిపిల్లల యూనిఫాంలు కుట్టేది. శనివారం వస్తే ఇద్దరూ శిక్షణ కారులోనే బయల్దేరేవాళ్లు. బాతు కాలి నూడుల్స్ కోసం బిడోర్, ఎండు రొయ్యలు వేసిన బియ్యప్పిండి చుట్టల కోసం తెలుక్ ఇంతాన్. అంతదూరం వెళ్లి ఒక్క గిన్నె తిని వచ్చేవాళ్లు. దారంతా వెళ్లేటప్పుడు తినబోయేదాని గురించీ, వచ్చేటప్పుడు తిన్నదాని గురించీ మాట్లాడుకునేవాళ్లు. పిల్లలు కలగలేదు. ఆ సంగతి మాత్రం వాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు.

నలభై ఆరేళ్లకి అక్క నూట పద్దెనిమిది కిలోలు. షుగరు, మోకాళ్లు, నిద్రలో ఊపిరి ఆగడం. ఒకరోజు కుట్టు మిషను మీదే తల వాల్చేసి పడిపోయింది. కౌలాలంపూర్‌లో పొట్టకి బ్యాండ్ వేస్తున్నారని డాక్టరు చెప్పాడు. అక్క ససేమిరా అంది. మా ఇంటికొచ్చినప్పుడు, నా ముందే బావ దాన్ని బతిమాలాడు.

"నువ్వు ముందే పోతే నేనెవరితో కూర్చుని తినాలి?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. అతని కళ్లలో నీళ్లు చూసి నోరు మూసుకున్నాను. అక్క సరేనంది ఆ మాటకే.

పొట్ట పైభాగం చుట్టూ ఒక సిలికాన్ పట్టీ బిగించారు. దానికో సన్నని గొట్టం. ఆ గొట్టం చివర చర్మం కింద గుండీ లాంటి బిళ్ల. డాక్టరు అప్పుడప్పుడూ ఆ బిళ్లలోకి సూది గుచ్చి ఉప్పునీరు ఎక్కిస్తే పట్టీ ఉబ్బి తిండి దారి సన్నబడుతుంది. నీరు తీసేస్తే వదులవుతుంది. వినడానికి ఇంతే.

ఇక తినడం అంటే నాలుగు చెంచాలు. ఒక్కో ముద్ద పాతికసార్లు నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు. అన్నం అడ్డుపడేది, బ్రెడ్డు అడ్డుపడేది, కోడి మాంసమైతే చెప్పనక్కర్లేదు. అడ్డుపడితే రొమ్ముల మధ్య రాయి పెట్టినట్టుండి, నోటినిండా జిగట నురగ ఊరేది. అక్క మాట మధ్యలో ఆపి లేచి వెనక్కి వెళ్లేది. కక్కేసి, మొహం కడుక్కుని వచ్చి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మాట్లాడేది.

ఏడాదిన్నరలో నలభై కిలోలు తగ్గింది. షుగరు మాత్రలు ఆపేశారు. మార్కెట్లో ఆడవాళ్లు దాన్ని నిలబెట్టి రహస్యం అడిగేవాళ్లు. చేతుల కింద, పొట్ట మీద వేలాడే చర్మాన్ని జాకెట్టు లోపలికి మడిచి పెట్టుకుంటూ అక్క నవ్వేది. ఒకసారి నాతో మాత్రం, "మనిషిని తీసేసి సంచి ఉంచారే" అంది.

మొదట్లో శనివారాలు మానలేదు. బావ రెండు గిన్నెలు చెప్పేవాడు. తనది ఐదు నిమిషాల్లో అయిపోయేది. అక్క రెండో చెంచా నములుతూ ఉండేది. బాగాలేదా అమ్మా అని కొట్టు ఆవిడ వచ్చి అడిగేది. బాగుందని చెప్పడానికి అక్క నోట్లో ఉన్నది మింగాలి, అది దిగాలి. బావ తల వంచుకుని ఎదురుచూసేవాడు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో, "నువ్వు నములుతుంటే నేను లెక్కపెడుతున్నాను. ఏం తిన్నానో నాకు గుర్తు లేదు," అన్నాడట. ఆ తర్వాత శనివారాల్లో అతనికి కొత్త విద్యార్థులు వచ్చారు. పాఠాలు మధ్యాహ్నం దాటేదాకా ఉండేవి. అక్కకి ప్రాణం హాయిగా ఉంది. ఎవరూ చూడకుండా గంజి తాగొచ్చు.

ఆ పాఠాలేమిటో ముందు తెలిసింది నాకు. మెంగ్లెంబులో ఒక చేపల హోటల్లో బావ ఒకావిడతో కూర్చుని ఉన్నాడు. లైసెన్సు పరీక్షల ఆఫీసులో ఫారాలు చూసే సౌ పింగ్ ఆవిడ. భర్త పోయాడు, యాభై దాటాయి, బ్యాండ్‌కి ముందు మా అక్కంత లావు మనిషి. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. నవ్వుకోవడమూ లేదు. చేప తల మధ్యలో ఉంది. ఆవిడ బుగ్గ కండ తీసి అతని గిన్నెలో వేసింది. అతను చూడకుండానే తిన్నాడు. నేను లోపలికి వెళ్లకుండా తిరిగొచ్చేశాను. ఐదు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? బావ వేరే ఆవిడతో చేప తింటున్నాడనా?

ఆ ఐదు నెలల తర్వాత మార్కెట్లో నూడుల్స్ కొట్టు ముసలాయన అక్కతో, మీ ఆయన వాళ్లక్క భలే తింటుందమ్మా, చూస్తుంటే మాకే ఆకలేస్తుంది అన్నాడు. బావకి అక్కలు లేరు. పక్కన నేనున్నాను. అక్క ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనబడిందో గాని, దానికి ఇంకేమీ అడగాల్సిన అవసరం రాలేదు.

ఇంటికొచ్చాక బావని అడిగింది. అతను దాచలేదు. తినడానికే కలుస్తామన్నాడు. ఆవిడ ఇంటి గడప కూడా తొక్కలేదని ప్రమాణం చేశాడు. అక్క నమ్మింది. మరునాడు నాకు ఫోన్ చేసి, "ఆవిడతో పడుకున్నానన్నా బాగుండేదే. ఏమని తిట్టాలో తెలిసేది," అంది.

ఆ శనివారం నన్ను కారు తీయమంది. మెంగ్లెంబు వెళ్లాం. మమ్మల్ని చూసి బావ లేచి కుర్చీలు లాగాడు. సౌ పింగ్ కంగారుపడలేదు. మామూలుగా, చుట్టాలొచ్చినట్టు, లోపలికి కేకేసి మెత్తని సోయా పెరుగుగడ్డ ఒక పళ్లెం చెప్పింది. అల్లం ముక్కలు వేయొద్దంది.

"పొద్దుటి పూట నీకు బిగుసుకుపోయి ఉంటుందట కదమ్మా, కియోంగ్ చెప్పాడు. ముందు రెండు చెంచాల వేడి సూపు తాగు. దారి వదులవుతుంది," అంది.

అప్పుడే చేప వచ్చింది. ఆవిడ ముళ్లు తీసి, కండని గోరంత గోరంత ముక్కలు చేసి, చిన్న పళ్లెంలో అక్క ముందు పెట్టింది. పసిపిల్లకి పెట్టినట్టు. అక్క ఆ పళ్లెం వైపు చూసింది. బయటివాళ్లెవరికీ చెప్పని విషయాలు, నురగ, కక్కుకోవడం, రాత్రి కూర్చునే నిద్రపోవడం, అన్నీ ఈవిడకి తెలుసన్నమాట.

"ఇంకేం చెప్పాడండీ నా గురించి?" అని అడిగింది.

"బాధపడుతుందని చెప్పాడు. ఇంకేం చెప్తాడు?"

అక్క ఆ పళ్లెం పక్కకి జరిపింది. పక్క గిన్నెలో బావ తినబోతున్న పంది పక్కటెముక తీసుకుంది. కొవ్వుతో సహా కండ కొరికి, నమలకుండా మింగింది. ఇంకోటి కొరికింది. బావ దాని చెయ్యి పట్టుకుని, "వద్దే, దిగదు," అన్నాడు.

"ఎవరితో తినాలన్నావుగా. తిను. నాతో తిను," అంది అక్క.

మూడో ముక్క అడ్డుపడింది. మొహం ఎర్రబడింది, కళ్లమ్మట నీళ్లు కారాయి, పెదాల చివర నురగ. అయినా లేవలేదు. పక్క బల్లల వాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. సౌ పింగ్ లేచి, అక్కని భుజం కింద పట్టి, హోటల్ వెనక కాలవ దగ్గరికి నడిపించుకెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. జుట్టు వెనక్కి పట్టుకుని, వీపు రాస్తూ, అంతా వచ్చేదాకా నిలబడింది. అక్క ఆవిడ చెయ్యి తోసెయ్యలేదు. తోసే ఓపిక లేదు.

మేం తిరిగి వచ్చేసరికి బావ కూర్చునే ఉన్నాడు. చేప అయిపోయింది. అక్క కోసం తీసిన చిన్న ముక్కల పళ్లెం కూడా ఖాళీ. మమ్మల్ని చూసి అప్పుడే తెలిసినట్టు పుల్లలు కింద పెట్టాడు. భయమేస్తే అతను తింటాడు. అమ్మ పోయిన రోజునా అంతే. అది నాకూ తెలుసు, అక్కకీ తెలుసు. అయినా ఆ ఖాళీ పళ్లెం చూశాక అక్క నేరుగా కారు వైపు నడిచింది.

కారులో నన్ను అడిగింది.

"అతనికి ఆకలి. ఆవిడకి ఎవరూ లేరు. నీకేమొచ్చిందే? ఎందుకు దాచావు?"

నువ్వు బాధపడతావని, అన్నాను.

"ఆవిడా అదే మాటంది," అని కిటికీ వైపు తిరిగింది.

ఆ నెలలోనే కౌలాలంపూర్ వెళ్లి పట్టీలో నీరంతా తీయించేసుకుంది. షుగరు తిరిగొస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. నాలుగు నెలలు కడుపారా తింది. బావ కూడా సౌ పింగ్‌ని కలవడం మానేసి, మళ్లీ శనివారాలు బిడోర్ తీసుకెళ్లాడు. గిన్నెలు రెండూ ఖాళీ అయ్యేవి. కానీ అక్క తన గిన్నెలో చూసేది కాదు. అతను ఎవరిని తలుచుకుని తింటున్నాడో అని అతని నోటి వైపే చూసేది. దారిలో తిండి మాటలు రాలేదు. పదమూడు కిలోలు పెరిగింది, షుగరు వచ్చింది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్లి పట్టీ మళ్లీ బిగింపించుకుంది, ఈసారి మునుపటి కంటే గట్టిగా.

ఇప్పుడు అదే ఇంట్లో ఇద్దరూ ఉంటారు. అక్క సాయంత్రం ఆరింటికి వంటింట్లో గంజి తాగుతుంది. బావ బయట తిని వస్తాడు. ఎవరితో అని అక్క అడగదు, అతను చెప్పడు. అక్క మీద కోపముందా అని అతన్ని ఒకసారి అడిగాను. లేదన్నాడు. బ్యాండ్ వేయించుకోమన్నది తనే కదా, ఎవరి మీద కోపం పెట్టుకోవాలి అన్నాడు.

అమ్మ పోయినప్పటి నుంచి మా చైనీయుల కొత్త సంవత్సరం ముందురోజు భోజనం మా ఇంట్లోనే. మూడేళ్లుగా అక్క రాదు. నేను ఫోన్ చేస్తే తీయదు. బావ ఒక్కడే నారింజపళ్లు పట్టుకుని వస్తాడు. చూయ్ లిన్ ఏదని చిన్నాన్నలూ పిన్నులూ అడుగుతారు.

"దానికి బయటి తిండి పడదు కదండీ, ఆ బ్యాండ్‌తో," అంటాడు బావ నా వైపు చూడకుండా.

పాపం, నిజమేలే, అంటారందరూ. నేనూ తలూపి, అతని గిన్నెలో ఇంకొంచెం వడ్డిస్తాను.