మూడో మోడల్‌కు లక్క సీలు

నాచారం పారిశ్రామికవాడలో ఉమామహేశ్వర్ షెడ్డులో తయారైన మిలిటరీ కత్తికి మూడు మోడళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రంతా దోర్కాకు నోటికి వచ్చు. ఆమె భర్త వెంకటయ్య ఇరవై రెండేళ్లుగా అక్కడ గ్రైండర్ మీద పనిచేస్తున్నాడు. షెడ్డులో ఏ కత్తి చెడినా ఆ చిరాకు సాయంత్రం ఉప్పల్‌లో దోర్కా వండిన కూర మీద దిగేది.

మొదటి మోడల్‌కు వీపున రంపం పళ్లు పెట్టారు. చూస్తే గుండె జారేది. కొమ్మ కోయబోతే కొమ్మలో ఇరుక్కునేది, ఒరలో పెడితే ఒరను కోసేది. రెండో మోడల్‌కు పళ్లు తీసేసి రబ్బరు పిడి వేశారు. ఏప్రిల్ ఎండకు ఆ రబ్బరు జీడిపాకమై, పట్టుకున్నవాడి చేతిని వదల్లేదు. మూడోదానికి తోలు బిళ్లలు ఒకదానిమీద ఒకటి గుచ్చి పిడి చేశారు. అది కుదిరింది. కుదిరి మూడు వందలు అమ్ముడుపోయాక కొనేవాళ్లే కనిపించకుండా పోయారు. తరువాత ఒక వానకాలం నాలా పొంగి, షెడ్డులోకి నడుములోతు నీళ్లొచ్చి డ్రాయింగులు, అచ్చులు కొట్టుకుపోయాయి.

మిగిలిన మూడో మోడల్ కత్తి ఒక్కటే. మొన కాస్త వంకరని తనిఖీలో తీసేస్తే వెంకటయ్య ఇంటికి తెచ్చాడు. పన్నెండేళ్లుగా దోర్కా మటన్‌కూ గుమ్మడికాయకూ క్రిస్మస్ కేకుకూ అదే కత్తి. నెలకోసారి సాన పట్టించుకొచ్చేది.

ఆ కత్తి కోసం మంగళవారం పొద్దున ఉమామహేశ్వర్ స్వయంగా ఇంటికొచ్చాడు. ఎన్నడూ లేనిది చాయ్ మొత్తం తాగాడు.

"చెల్లే, పెద్ద ఆర్డరొచ్చేటట్టున్నది. గా మూడో మోడలే కావాల్నంట. శనివారం రిటైరైన కల్నల్ సాబ్ చూడనీకొస్తుండు. నీ కత్తిస్తే దాన్ని చూసి మూడు చేయిస్త. ఆర్డర్ రాలేదనుకో, షెడ్డు గోదాముకిచ్చుడే."

షెడ్డు గోదామైతే వెంకటయ్య యాభై మూడో ఏట ఏ అపార్ట్‌మెంట్ ముందో ఈల పట్టుకుని కూర్చోవాలి. దోర్కాకు అది తెలుసు.

"తీస్కపోండి సార్. కానీ ఐతారం మా చర్చిల కోత పండుగ. నలభై కిలోల మటన్ నేనే కొయ్యాలె. వేరే కత్తి నా చేతికి రాదు. శనివారం తిరిగియ్యకుంటే మేకలను మీ షెడ్డుకే తోల్కొస్త."

శనివారం ఆమె ఆటో ఎక్కి నాచారం వెళ్లింది. షెడ్డులో బల్లమీద ఆకుపచ్చ గుడ్డ పరిచి నాలుగు కత్తులు పెట్టారు. వాటిని చూసి దోర్కా నోరు తెరిచింది. సాన పట్టీ పట్టీ తన కత్తి నడుము కొడవలిలా లోపలికి పోయింది కదా, నాలుగూ అట్లాగే ఉన్నాయి. మొన వంకర నాలుగింటికీ ఉంది. వీపున నొక్కు కూడా!

"ఏందయ్యా గిది? నొక్కు గూడ దింపినవా?"

"శాంపిల్ల ఉన్నది, పెట్టిన," అన్నాడు వెంకటయ్య.

"గది మూలుగ కోసం నల్లిబొక్క మీద పెట్టి రోకలిబండతోని కొడితే పడ్డ నొక్కు!"

"శాంపిల్ ఎట్లుంటే గట్లనే జెయ్యమన్నడు సార్. నేను గీతంత తేడా రానియ్య. నూనె రుద్ది తోలు రంగు గూడ కలిపిన, సూడు."

"పన్నెండేండ్లు అరిగితే కత్తి సన్నబడదా? జర దిమాక్ వాడొద్దా?"

"మనింట్ల సన్నబడ్డది గదొక్కటేనాయె," అన్నాడతను ఆమెను పైనుంచి కిందికి చూసి.

దోర్కా జవాబు నోటిదాకా వచ్చింది. అంతలో కల్నల్ వచ్చేశాడు. మీసం ముందు, మనిషి వెనక. కొత్త కత్తుల్లో ఒకటి తీసి లావుపాటి తాడుకు తగిలించి లాగాడు. లోపలికి వంగిన అంచు తాడును పట్టుకుని ఒక్క దెబ్బకు తెంపేసింది. ఇంకోసారి లాగాడు. ఇంకో తాడు పోయింది.

"ఈ వంపు ఎవరి ఆలోచన?"

"పన్నెండేళ్ల ట్రయల్స్ సార్," అన్నాడు ఉమామహేశ్వర్.

"ఎక్కడ చేశారు?"

ఉమామహేశ్వర్ పైకప్పు రేకులు చూశాడు.

"ఉప్పల్ల సార్," అంది దోర్కా.

కల్నల్ నొక్కు మీద బొటనవేలు పెట్టాడు. "మరి ఇదెందుకు?"

"బొక్కలు పలగ్గొడితే వచ్చింది సార్."

కల్నల్ ఆమెను గౌరవంగా చూశాడు. ఏ జంతువు బొక్కలో దోర్కా చెప్పబోతే వెంకటయ్య ఆమె కాలు తొక్కాడు.

ఆర్డర్ ఖాయమైంది. అయితే పద్ధతి ప్రకారం, దేన్ని చూసి చేశారో ఆ మొదటి కత్తిని గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి బీరువాలో పెట్టాలి. ఆర్డర్ పూర్తయ్యేదాకా ముట్టుకోకూడదు.

"ఎన్ని దినాలు సార్?" అంది దోర్కా.

"అయిదేళ్లు."

దోర్కా భర్తవైపు చూసింది. అతని ముఖం ఇరవై రెండేళ్లలో ఎన్నడూ లేనంత వెలిగిపోతోంది. కాదంటే ఆర్డర్ పోతుంది. ఔనంటే కత్తి పోతుంది.

"మస్తు జిడ్డున్నయి సార్. నాలుగూ కడిగి తెస్త," అంది.

నల్లా కింద ఒక్కో పిడినీ ముక్కు దగ్గర పెట్టుకుంది. పన్నెండేళ్ల అల్లం వెల్లుల్లిని వెంకటయ్య నూనె దాచలేకపోయింది. తనది తెలిసింది. దాన్ని మిగతావాటిలో కలిపి, ఒక కొత్తదాన్ని వేరుగా తుడిచి తెచ్చి కల్నల్ చేతిలో పెట్టింది.

"గిదే సార్, అసలుది."

లక్క కరిగింది, సీలు పడింది. ఉమామహేశ్వర్ దొడ్డ మనసుతో, "చెల్లే, నీది పాయె గదా. మిగిలినయాట్ల ఒకటి నువ్వే తీస్కో," అన్నాడు. దోర్కా మొహమాటపడుతూనే తనది తీసుకుంది.

ఆదివారం చర్చి వెనక షామియానా కింద మటన్ గుట్ట సగం తరిగిపోయింది. వెంకటయ్య చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

"కొత్త కత్తి ఎట్లున్నదే? పాతదానికన్న మంచిగ తెగుతున్నదా లేదా?"

"నీ చేతి పనాయె మరి," అంది దోర్కా.

అతను పొంగిపోయి పక్కవాళ్లకు చెప్పడానికి వెళ్లాడు. దోర్కా ఒక నల్లిబొక్క తీసి మొద్దు మీద పెట్టి, దానిమీద కత్తి ఆనించి, పాత నొక్కు పక్కనే రోకలిబండతో ఒక్కటిచ్చింది.