నీలం తిరిగిన నాలుగో కాగితం

షెహాతా ఫ్రిజ్ తలుపు తీసి, జున్ను డబ్బాలూ ఉడికించిన చిక్కుడు గింజల గిన్నెలూ పక్కకు జరిపి, వెనుక నుంచి ఎంజైము కాగితాల పెట్టె బయటికి లాగాడు. పురుగుమందుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా అతని పని అదే. కాగితం తడిపి గాలిలో వేలాడదీయాలి. పది నిమిషాల్లో నీలం తిరిగితే గాలి మంచిది. తెల్లగా ఉండిపోతే, గాలిలోని విషం ఎంజైమును చంపిందన్నమాట.

చిక్కేమిటంటే, ఎంజైము వేడికీ చస్తుంది. దాన్ని చల్లగా ఉంచడానికి కొన్న ఒకే ఒక్క ఫ్రిజ్‌లో, నైలు డెల్టా ఎండలకు భయపడి అందరూ తిండి దాచుకునేవారు. తలుపు పూటకు వందసార్లు తెరుచుకునేది, లోపల చల్లదనం నిలిచేది కాదు. కాగితం తెల్లగా మిగిలినప్పుడల్లా, "షెహాతా బాబాయ్ జున్ను విషమెక్కింది" అని అందరూ నవ్వేవారు. వంగిన నడుము, పసుపెక్కిన గోళ్లు, నోట్లో నాలుక లేని మనిషి. అతనూ వాళ్లతో కలిసి నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు?

ఆ రోజు ప్యాకింగ్ హాలులో మూడు కాగితాలు తెల్లగానే ఉండిపోయాయి. అదే పెట్టెలోంచి నాలుగోది తీసి, గేటు బయట చెరకు రసం బండి దగ్గర తడిపాడు. అది చక్కగా నీలం తిరిగింది. పరుగున వెళ్లి ఇంజనీరు వగ్దీ బల్ల మీద పెట్టాడు.

"కాగితం బతికే ఉంది సార్. హాల్లో పని ఆపించండి. లోపల పధ్నాలుగు మంది ఆడవాళ్లున్నారు."

సరుకు సాయంత్రానికి లారీ ఎక్కాలి. వగ్దీ తలెత్తలేదు.

"నీ ఫ్రిజ్‌ను నమ్మి పని ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది. పోవయ్యా, పోయి పని చూసుకో."

ఎన్నడూ ఎదురు చెప్పనివాడు తిన్నగా వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశాడు. ఆడవాళ్లందరినీ బయటికి తరిమాడు.

"మళ్లీ జున్ను గొడవేనా బాబాయ్?" అంది వాళ్లలో ఒకతె, నబవియ్యా, కళ్లు నులుముకుంటూ.

"అవునే, అదే. నువ్వు నడు."

మాస్కులు స్టోరులో తాళం వేసి ఉన్నాయి. తలగుడ్డ ముక్కుకు చుట్టుకుని, విషం కారుతున్న పైపు బిగించడానికి తిరిగి హాల్లోకి వెళ్లాడు. బిగించాడు కూడా. గుమ్మం దాకా వచ్చి కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు.

రిపోర్టులో గుండెపోటని రాశారు. కాగితాలు పాడైపోయాయని, ఫ్రిజ్ సరిగా చూసుకోని తప్పు షెహాతాదేనని కూడా రాశారు. చచ్చినవాడు వచ్చి కాదనడు కదా. వగ్దీ ఆ రిపోర్టు మీద సంతకం పెడుతుంటే, అతని మోచేతి పక్కన, టీ గ్లాసు కింద, నాలుగో కాగితం ఇంకా నీలంగానే ఉంది.