గొంతు దగ్గరి తెల్ల పట్టీలు

నేను ఒక జత తెల్ల పట్టీలను. వకీళ్లు నల్లకోటు మీద, సరిగ్గా గొంతు కింద కట్టుకునే గుడ్డ పట్టీలు. జతనే అయినా ఎవరూ విడదీసి చూడరు కాబట్టి ‘నేను’ అనే చెప్పుకుంటాను. హైకోర్టు గేటు ఎదుట ఒక దర్జీ, చొక్కా కుట్టగా మిగిలిన ముక్కతో నన్ను తయారుచేశాడు.

కొన్నది ఇనగంటి దామోదరరావు. అప్పటికే పెద్ద పెద్ద కంపెనీల వకీలు. ఆ లోకంలో ఎవరి నోటిమాటనూ ఎవరూ నమ్మరు. మేనేజర్లు వచ్చి “తప్పకుండా చేస్తాం సార్” అంటే, “ఆ ముక్కే రాసి సంతకం పెట్టి తీసుకురండి” అనేవాడు.

“సారు పెళ్లిలో మేడమ్ చేత కూడా రాయించుకున్నాడంట్రా,” అని జూనియర్లు వెనక నవ్వుకునేవారు.

ఒకసారి అది ఆయన చెవిన పడింది. “రాయించుకోలేదు. అక్కడే దెబ్బతిన్నాను,” అన్నాడు.

తర్వాత ప్రభుత్వం పిలిచి అడ్వొకేట్ జనరల్‌ని చేసింది. అంటే సర్కారు వకీళ్లందరికీ పెద్ద; కోర్టులో ఏజీ అంటారు. ఆ పదవికి ఒక మర్యాద ఉంది. ఆయన లేచి “ప్రభుత్వం ఈ పని చేయదు” అంటే చాలు, జడ్జి స్టే ఇవ్వరు. ఆ మాటే రాసుకుని వాయిదా వేస్తారు. జీవితమంతా కాగితాలను నమ్ముకున్న మనిషిని తల నెరిశాక ఉత్త మాట మీదే నమ్మారు. మొదటిసారి అలా జరిగిన రోజు ఆయన గొంతు సన్నగా వణికింది. అది సంతోషమని ఆనుకుని ఉన్న నాకే తెలిసింది. ఆ రుచి మరిగాక సంతకాలు అడగడం తగ్గించాడు.

నన్ను ఉతికి గంజి పెట్టేది బుచ్చవ్వ. కోర్టు వెనక చెరువు గట్టున ధోబీఘాట్‌లో ఆమె బండ, వెనకే రేకుల ఇల్లు. ఆ ఘాట్ తీసేసి పార్కు కట్టాలని సర్కారు అనుకుంది. ఘాట్ వాళ్లు కోర్టుకెక్కారు.

“సారూ, కేసుల మీరు అటుదిక్కు నిలబడుతున్రంట గదా?” అంది బుచ్చవ్వ, బట్టల మూట కడుతూ.

“అవును బుచ్చవ్వా. నా ఉద్యోగం అది.”

“మంచిగుంది. నా ఇల్లు కూలగొట్టమని చెప్పనీకి మీ పట్టీలకు నేనే గంజి పెట్టి పంపాలె!”

ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు ముందుగా ఆగిపోయింది.

విచారణ రోజున ఘాట్ వాళ్ల తరఫున ఒక చిన్న వయసు వకీలమ్మ స్టే అడిగింది. దామోదరరావు వెనక్కి తిరిగి, అప్పటిదాకా ఆగుతారా అన్నట్టు, పార్కు పని చూసే సర్కారు అధికారి వైపు చూశాడు. అధికారి తల ఊపాడు. కంపెనీల రోజుల్లో అయితే ఆ తల ఊపు కింద కూడా సంతకం అడిగేవాడు. ఆ రోజు అడగలేదు. “వచ్చే వాయిదా దాకా ఒక్క బండ కూడా కదలదు. ఇది నా మాట,” అన్నాడు.

“ఏజీగారే చెబుతున్నారు, ఇంకా స్టే ఎందుకమ్మా?” అన్నారు జడ్జి. వకీలమ్మ కూర్చుంది. అక్కడ నడిచేదంతా ఇంగ్లీషు. బయటికొచ్చాక ఆమె తెలుగులో చెబితే బుచ్చవ్వ ఏజీ ఆఫీసు వైపు తిరిగి దండం పెట్టింది.

వాయిదాకు ముందు ఆదివారం పొద్దున నేను ఘాట్‌లో తాడు మీద ఆరుతున్నాను. జేసీబీలు వచ్చాయి.

బుచ్చవ్వ అడ్డంగా నిలబడింది. “ఏజీ సారు కోర్టుల మాటిచ్చిండు! ఆయన్నే అడుగుండ్రి!”

“స్టే కాగితం ఉందా అవ్వా?” అన్నాడు ఆ అధికారే.

“కాగితమెందుకు? మాటున్నది గదా!”

తాడు తెగింది. నేను బురదలో పడ్డాను. ఘాట్‌లోని ఆడవాళ్లు తమ గిన్నెలు వదిలేసి ముందు ఊళ్లోవాళ్ల బట్టలు ఏరారు.

సోమవారం ఉదయం బుచ్చవ్వ నన్ను ఆయన ఇంటికి తెచ్చింది. “కొళాయి కాడ మల్ల ఉతికిన సారూ. గంజి లేదు. ఇయ్యాల జడ్జికి చెప్పుండ్రి, మీ మాట కాదని కూలగొట్టిన్రని. మీరు చెప్తే బండలన్న మల్ల పెట్టిస్తడేమో.”

“చెబుతాను బుచ్చవ్వా.”

కోర్టు వరండాలో అధికారి ఒక కాగితం అందించాడు. “ఇది చదివితే చాలు సార్. మా మీద కోర్టు ధిక్కారం కేసు రాకూడదని పైనుంచి చెప్పారు.”

“నువ్వు తల ఊపావు కదయ్యా!”

“తల ఊపితే సంతకం అవుతుందా సార్?”

లోపల కేసు పిలిచాక ఆయన లేచి నిలబడ్డాడు. వెనక వరసలో బుచ్చవ్వ, ఆమె పక్కన ఘాట్ వాళ్లు. కాగితం పక్కన పెడతాడేమో అనుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తర్వాత ఇంగ్లీషులో చదివాడు. ఆ హామీ ప్రభుత్వం ఇవ్వమన్నది కాదని, తన పొరపాటు వల్ల అన్నదని. గొంతు ఎక్కడా వణకలేదు.

జడ్జి తలెత్తి చూశారు. “ఇక మీదట మీరు ఏది చెప్పినా రాసి ఇవ్వండి, ఏజీగారూ,” అన్నారు. హామీయే లేదన్నాక మాట తప్పిన వారెవరూ లేరు. ఘాటే లేదు కాబట్టి ఆపడానికీ ఏమీ లేదు. కేసు ముగించారు. వకీలమ్మ కళ్లు తుడుచుకుంటూ “కేసు పోయిందవ్వా” అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

వరండాలో బుచ్చవ్వ ఎదురొచ్చింది. “పోయిందంట సారూ. మీరైతే చెప్పిండ్రు గదా?”

ఆయన చేతులు నా ముడి విప్పుతున్నాయి. “చెప్పాను,” అన్నాడు.

“ఇగ మీరు మాత్రం ఏం జేస్తరు! చెప్పినా వినకపాయె. సల్లగుండుండ్రి.” నా కోసం చెయ్యి చాపింది. “గంజి లేకున్నా గట్లనే కట్టుకున్నరు పాపం. ఇటియ్యుండ్రి, మంచిగ చేసి తెస్త.”

ఆయన ఇచ్చేశాడు.

ఇప్పుడు ఊరి చివర, సర్కారు వాళ్లను తెచ్చి దింపిన గదిలో, ఆమె మూటలో ఉన్నాను. ఇక్కడ నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినా తాగడానికే చాలవు. ఆయన పదవి వదిలి మళ్లీ కంపెనీల కేసులు చూస్తున్నాడని విన్నాను. సాయంత్రాలు గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్లకు బుచ్చవ్వ ఆ రోజు సంగతి చెబుతుంది. అందరు మోసం జేసినా ఒక్క ఏజీ సారు మాత్రం జడ్జి ముందర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పిండని. వాళ్లు నమ్ముతారు.