సోడాలో ఉడికిన దోమతెర

లాండ్రీ అత్తయ్య నోటికి ఆ వీధంతా జడిసేది. వీధి సంగతి ఎలా ఉన్నా, ఒకే కప్పు కింద ఉండే కోడలు మాత్రం రెండింతలు జడిసేది. ఆవిడ చెడ్డదని కాదు. కడుపుతో ఉన్న కోడలిచేత బిందెడు నీళ్లు కూడా మోయించేది కాదు. కానీ మాట అన్నదంటే వాత పెట్టినట్టే. "నా చేతి పనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు" అని రోజుకొకసారైనా అనకపోతే ఆవిడకి తిన్నది అరిగేది కాదు. ఆ మాటా నిజమే. హోటలు దుప్పట్లైనా, ఆసుపత్రి గలీబులైనా ఆవిడ గంగాళంలో పడి లేచాయంటే తళతళలాడవలసిందే.

అలాంటి ఇంటికి ఆరోగ్య కేంద్రం నుంచి ఒక దోమతెర వచ్చింది. ఆ చుట్టుపక్కల మలేరియా ఎక్కువైందని గర్భిణులకూ, చిన్నపిల్లల తల్లులకూ పంచుతున్నారు. కోడలికి ఆరో నెల, పైగా చంకలో మూడేళ్ల కూతురు. ఆ పిల్లని అందరూ బుడంకాయ అనే పిలుస్తారు.

"దీని దారానికే మందు పట్టించారు. తెర మీద వాలిన దోమ చస్తుంది" అని నర్సమ్మ విప్పి చూపించింది. "ఒక రోజు నీడలో ఆరేసి కట్టుకో. మాసితే చన్నీళ్లు, మామూలు సబ్బు. బట్టల సోడా వద్దు, వేడినీళ్లు వద్దు, ఎండ వద్దు. మందు పోయిందంటే మిగిలేది ఉత్త గుడ్డే."

కోడలు తెచ్చి వరండాలో దండెం మీద వేసింది. పొద్దున లేచేసరికి దండెం ఖాళీ. పెరట్లో గంగాళం కింద మంట, పైన సోడా నురగ, ఆ నురగలో తెర. అత్తయ్య కర్రతో తిప్పుతోంది.

"ఏం కంపే అమ్మాయ్! ఇందులో పసిదాన్ని పడుకోబెడతారా ఎవరైనా? చూస్తూ ఉండు, ఎలా మెరిపిస్తానో."

కోడలు గంగాళం పక్కకి వచ్చి నిలబడింది. అది మందు వాసన అత్తయ్యా అని చెప్పాలి. అంతే కదా! కానీ ఉడికేది ఎలాగూ ఉడికిపోయింది, ఇప్పుడు చెప్పి లాభమేమిటి అనుకుంది. ఆవిడ మొహంలో అంత సంబరం, మనవరాలి కోసం పొద్దున్నే పొయ్యి రాజేసుకున్న మనిషి. మంచి సమయం చూసి చెబుదాంలే అనుకుంది. అత్తకి తప్పు చెప్పడానికి మంచి సమయం ఏ క్యాలెండర్లోనూ అచ్చు వేయరు.

తెరకి నీలిమందు పెట్టి, ఎండలో ఫెళఫెళలాడేలా ఆరబెట్టి, అంచులు ఇస్త్రీ చేసి మరీ మంచానికి కట్టింది అత్తయ్య. ఇరుగుపొరుగుని పిలిచి చూపించింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు.

అప్పటినుంచి కోడలికి కంటి మీద కునుకు లేదు. తెల్లవారగానే తెర మీద దోమలు కనిపించేవి. చావడం మాట అలా ఉంచి, అత్తవారింటికి వచ్చిన అల్లుళ్లలా తీరిగ్గా కూర్చునేవి. బుడంకాయ నిద్రలో దొర్లి తెరకి ఆనుకునేది. ఆనిన చోటల్లా మోచేతి మీద ఎర్రటి దద్దుర్లు. కోడలు దిండ్లు అడ్డం పెట్టింది, అంచులు పరుపు కిందకి రెండు మడతలు దోపింది. తెర అంటూ ఉంది కదా అని తనకి తానే నచ్చజెప్పుకుంది. భర్తకి చెబుదామంటే ఆయన కడుపులో మాట నిలవదు, మూటలు సైకిల్‌కి కట్టుకునేలోపే వాళ్లమ్మకి చెప్పేస్తాడు. పోనీ నర్సమ్మని అడిగి ఇంకోటి తెద్దామంటే, ఉన్నది ఏమైందంటుంది. అటు వెళ్తే నుయ్యి, ఇటు వెళ్తే గొయ్యి అన్నట్టుంది ఆమె పని.

ఒక మధ్యాహ్నం, ఇస్త్రీ బల్ల వేడికి గోడలే చెమటలు కక్కుతున్న వేళ, బుడంకాయ ఉతికిన దుప్పట్ల కుప్పలో దూరి పడుకుంది.

"అమ్మా, చలి" అంది.

కోడలు చెయ్యి వేసి చూసింది. పిల్ల పళ్లు టకటకమంటున్నాయి, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. "గాలి మార్పులేవే" అంటూనే అత్తయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, పిల్లని భుజాన వేసుకుని వీధిలోకి నడిచింది. కోడలు పొట్ట పట్టుకుని వెనకే పరుగెత్తింది. తల్లిగా తాను బతికి ఏం లాభమని దారి పొడుగునా తిట్టుకుంది.

నర్సమ్మ పిల్ల వేలు గుచ్చి రక్తపు చుక్క పరీక్ష పట్టీ మీద వేసింది. కాసేపటికి పట్టీలో రెండో గీత తేలింది.

"మలేరియానే. తెరలో పడుకోవడం లేదా?"

"లేకేం!" అంది అత్తయ్య. "ఈ చేతుల్తో కట్టాను. మీరిచ్చింది కంపు కొడుతుంటే సోడా పోసి ఉడకబెట్టాను. వచ్చి చూడండి, అంత తెల్లటి తెర ఊళ్లో ఇంకొకటి ఉంటే అడగండి."

నర్సమ్మ అత్తయ్యని చూడలేదు. నేరుగా కోడలి వంక చూసింది.

"నీకు చెప్పాను కదమ్మా. సోడా వేస్తే మందు పోతుందని."

అత్తయ్య మెల్లగా కోడలి వైపు తిరిగింది. కోడలు తల దించుకుంది. ఇప్పుడు ఆరోగ్య కేంద్రం కప్పు ఎగిరిపోతుందని ఎదురుచూసింది. ఏమీ ఎగరలేదు.

"నేను తిప్పుతుంటే పక్కనే ఉన్నావు కదే" అంది అత్తయ్య. ఆ గొంతు ఆవిడది కానట్టుంది. "బిడ్డ ప్రాణానికి కూడా నోరు పెగల్లేదంటే, నేనంత రాక్షసినా?"

కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది.

నర్సమ్మ కోడలి వేలు కూడా గుచ్చింది. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు ఈ జ్వరం సోకితే ఇద్దరికీ ముప్పని చెప్పింది. పట్టీ బల్ల మీద పెట్టారు. అత్తాకోడళ్లిద్దరూ రెప్ప వేయకుండా దాన్నే చూశారు. ఒక గీత వచ్చింది. రెండోది ఇప్పుడొస్తుందా, ఇంకాసేపటికా అని చూస్తుంటే లోపల బిడ్డ ఒకసారి కదిలింది. నర్సమ్మ పట్టీ ఎత్తి వెలుతురులో చూసి, "నీకు లేదు" అంది. అత్తయ్య ఉన్నచోటే గోడకి చేరగిలబడింది.

మాత్రలతో పాటు కొత్త తెర కూడా ఇచ్చారు. మర్నాడంతా దాన్ని వరండాలో ఆరేసి, అత్తయ్య దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది. గంగాళం వంక కన్నెత్తి చూడలేదు. కోడలితో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనం కంటే తిట్లే నయమనిపించింది కోడలికి.

పొద్దుగూకే వేళకి పిల్లకి చెమట పట్టి జ్వరం కాస్త దిగింది. తెర మంచానికి కట్టుకుని తల్లీకూతుళ్లు అందులోకి చేరారు. అత్తయ్య మంచం పక్కన పీట వేసుకుని బయటే ఉంది. అంతలోనే లేచి అంచు ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి పిల్ల నుదురు చూసింది. వెళ్లి కూర్చుంది. మళ్లీ లేచింది, మళ్లీ ఎత్తింది. ఆవిడ చేతి వెంటే దోమ ఒకటి గుయ్యిమంటూ లోపలికి దూరింది. కోడలు అరచేతుల మధ్య చరిచి దాన్ని చంపింది. అత్తయ్య చెయ్యి మరోసారి అంచు మీదకి వచ్చింది.

"అత్తయ్యా, ఎత్తకండి!"

తన గొంతు అంత గట్టిగా ఉంటుందని కోడలికే తెలియదు. అత్తయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మరి జ్వరం చూడొద్దటే?" అంది, చిన్నపిల్ల బిక్కమొహంతో.

కోడలు పిల్లని తన వైపు లాక్కుని చోటు చేసింది.

"మీరూ లోపలికి రండి."

అత్తయ్య ఒక్క క్షణం అలాగే నిలబడి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గబుక్కున లోపలికి దూరింది. మంచం కిర్రుమంది. కోడలు ఆవిడ మీదుగా వంగి, అంచు పరుపు కిందకి దోపింది.