నూకరత్నం రెండు వేల మీటర్లు

నేను ఒక రోయింగ్ యంత్రాన్ని. గొలుసు, గాలి చక్రం, జారే సీటు బిగించి నన్ను హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఒక శిక్షణ కేంద్రానికి పంపారు. మనుషులు నా మీద కూర్చుని, అంగుళమైనా ముందుకు పోకుండా వేల మీటర్లు తెడ్డు వేస్తారు. చివర్లో నా తెర మీద అంకె చూసి కొందరు ఎగిరి గంతేస్తారు, కొందరు ఏడుస్తారు.

ఎందరి చేతులో నా పిడిని పట్టాయి. మరచిపోలేనిది మల్లాడి నూకరత్నాన్ని. కాకినాడ దగ్గర సముద్రంలో వేటకు వెళ్లే కుటుంబం, పందొమ్మిదేళ్ల వయసు. జాతీయ పోటీలకు ఎంపిక కావాలంటే రెండు వేల మీటర్లు ఏడు నిమిషాల ఇరవై సెకన్లలో లాగాలి. ఆమెకు ఇంకో ఆరు సెకన్లు తగ్గాలి. ఆ ఆరు సెకన్ల కోసం రోజూ మూడు పూటలా నన్ను లాగింది.

మూడు వారాలయ్యేసరికి టైము తగ్గకపోగా పెరిగింది. ఏడు ముప్పై మూడు! బొబ్బలు పగిలి నా పిడికి నెత్తురంటింది.

"ఒళ్లు వంచట్లేదు నువ్వు," అన్నాడు కోచ్ ఇమ్మానుయేలు. ఆమె ఇంకా గట్టిగా లాగింది.

ఆ వారమే అందరికీ రక్తపరీక్షలు జరిగాయి. డాక్టర్ ఫర్హానా, నూకరత్నం రిపోర్టు పట్టుకుని నా పక్కనే నిలబడింది. "ఇది బద్ధకం కాదు సార్. కార్టిసాల్, అంటే ఒత్తిడి హార్మోను, బాగా పెరిగిపోయింది. కండను తిరిగి కట్టే హార్మోన్లు పడిపోయాయి. లాగినకొద్దీ నీరసించిపోతుంది. పది రోజులు విశ్రాంతి కావాలి."

"సెలక్షన్స్ పన్నెండు రోజుల్లోనండీ!" అంది నూకరత్నం, నా పిడి వదలకుండానే. "పది రోజులు కూకుంటే నా పనైపోద్ది మేడమ్."

ఇమ్మానుయేలు ఆ కాగితం అందుకుని చదివాడు. "తప్పు నాదేనమ్మా. వెళ్లి కడుపునిండా తిను, పడుకో," అంటూ నా మీద గుడ్డ కప్పేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎవరూ లేని వేళ ఆమె వచ్చి గుడ్డ తీసింది. పిడి పట్టుకుంది. ఒక్కసారి లాగితే చాలు! కానీ పిడి వదిలేసి, గుడ్డ సర్ది వెళ్లిపోయింది. నా జీవితంలో అంత బలమైన పని చేసిన మనిషిని చూడలేదు.

ఎంపిక రోజు మొదటి లాగుకే నా చక్రం హోరెత్తింది. అయిదు వందలు, వెయ్యి, పదిహేను వందలు! గొలుసు తెగుతుందేమో అనిపించింది. తెగినా ఫరవాలేదనిపించింది! చివరి వంద మీటర్లూ ఆమె కళ్లు మూసుకునే లాగింది.

"ఎంతొచ్చిందండీ?" అంది రొప్పుతూ.

ఇమ్మానుయేలు నా తెర మీదికి వంగాడు. ఫర్హానాయే అరిచింది, "ఏడు పదిహేడు!"

నేనిప్పుడు స్టోరు గదిలో ఉన్నాను. గోడకు అటువైపు కొత్త యంత్రాలు హోరెత్తుతుంటాయి. అంతకంటే ముందు, పొద్దున్నే ఇమ్మానుయేలు గొంతు వినబడుతుంది. వచ్చిన ప్రతి అమ్మాయినీ ఆయన ముందుగా అడిగేది ఒక్కటే:

"రాత్రి బాగా నిద్రపట్టిందా తల్లీ?"